సూదిమందులలో అంతర్విషము – దానిని కనిపెట్టు విధానము

నోటిద్వారా పుచ్చుకొను మందు జీర్ణకోశమును దాటిన పిమ్మటనే రక్తములో కలియును. సూదిమందునకు అట్టి అడ్డు లేదు. కావున ఇన్సులిన్, టీకామందులు, రక్తమునుండి తీసిన ఔషధములు మొదలగు జీవసంబంధమైన సూదిమందులు మిక్కిలి పరిశుద్ధముగా నుండవలెను. వానిలో బ్రతికియున్న సూక్ష్మజీవులు లేకుండుట మాత్రమే చాలదు. చచ్చిన సూక్ష్మజీవులు విడిచిన విషము కూడ ఉండరాదు.

అంతర్విషమనగా నేమి?

కలరా, టైఫాయిడ్ క్రిములవంటి కొన్ని బాక్టీరియాల పైపొరలో కొవ్వు, చక్కెర కలిసి ఏర్పడిన పదార్థమొకటి కలదు. బాక్టీరియా చచ్చి ముక్కలైనపుడు ఇది విస్తారముగా బయటపడును. జర్మనీ శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఫైఫర్ 1892లో కలరా క్రిములను పరిశోధించుచు, వేడిచే చంపబడిన క్రిములు సైతము జంతువులకు హాని చేయుట గమనించి, ఈ విషమునకు ‘ఎండోటాక్సిన్’ అని పేరిడెను. ఇదియే అంతర్విషము. ఇది రక్తములో కొద్దిగా చేరినను చలి, వణకు, జ్వరము కలుగును. ఎక్కువైనచో రక్తపుపోటు పడిపోయి ప్రాణాపాయము సంభవించును.

మరిగించిన పోదా?

పోదు. 121 డిగ్రీల ఆవిరిలో క్రిములు చచ్చును గాని యీ విషము నశింపదు. క్రిములను ఆపు సన్నని జల్లెడపొర దీనిని ఆపజాలదు. ఖాళీ గాజుసీసాలనైనచో 250 డిగ్రీల పొడివేడిలో 30 నిమిషములుంచి శుద్ధిచేయవచ్చును. ఇన్సులిన్‌ను అట్లు వేడిచేసిన మందే పాడగును. పైగా ఇన్సులిన్ తయారీకి ‘ఇ. కొలై’ అను బాక్టీరియాను కూడ వాడుదురు. అనగా మందు నిచ్చు జీవియే విషమునకును మూలము. కావున విషమును వేరుచేయుటయు, ప్రతి తయారీని పరీక్షించుటయు తప్పనిసరి.

కుందేటి పరీక్ష

సూదిమందు పిమ్మట వచ్చు జ్వరమునకు బాక్టీరియాలచే చెడిన స్వేదనజలము కారణమని అమెరికాలో ఫ్లారెన్స్ సైబర్ట్ 1923లో నిరూపించెను. అటుపిమ్మట కుందేళ్ల పరీక్ష ఏర్పడి, 1942లో ఆ దేశపు ఔషధగ్రంథమున కెక్కెను. మూడు కుందేళ్ల చెవినరములలో మందెక్కించి, మూడు గంటలపాటు వాని శరీరోష్ణమును కొలుచుదురు. జ్వరము వచ్చునో రాదో దీనివలన తెలియును. విషము ఎంత కలదో తెలియదు.

నీలిరక్తపు జీవి

గుర్రపునాడా ఆకారముగల సముద్రజీవి యొకటి కలదు. దాని జాతులలో ఒకటి మన ఒడిశా తీరమునను కనబడును. అమెరికా తీరపు జాతి రక్తము బాక్టీరియా సోకినపుడు గడ్డకట్టునని ఫ్రెడరిక్ బాంగ్ 1956లో ప్రకటించెను. తరువాత ఆయనయు, జాక్ లెవిన్‌యు ఆ నీలిరక్తపు కణముల సారముతో పరీక్షను రూపొందించిరి. సారమును, మందును గాజుగొట్టములో కలిపి 37 డిగ్రీలవద్ద ఒక గంట ఉంచి, గొట్టమును తలక్రిందులు చేయుదురు. గడ్డ జారక నిలిచినచో విషము కలదని యర్థము.

సాధారణముగా సూదిమందులోని అంతర్విషము రోగి బరువులో ప్రతి కిలోగ్రామునకు గంటకు 5 యూనిట్లు మించరాదు. 60 కిలోగ్రాముల మనిషికి ఇది 300 యూనిట్లు. తూకములో గ్రాములో వందకోట్లవ వంతులు సుమారు 30 మాత్రమే. వెన్నులోనికిచ్చు మందులకు పరిమితి కిలోగ్రామునకు 0.2 యూనిట్లే.

పరీక్షకును పరీక్ష

ఒక్కొక్కపుడు మందే పరీక్షకు అడ్డుతగులును. అపుడు విషమున్నను లేనట్లే తోచును. అందుచే నమూనాలో తెలిసిన మోతాదు విషమును కలిపి కొలుతురు. కొలిచే పద్ధతులలో కలిపినదానిలో 50 నుండి 200 శాతములోపల తిరిగి కనబడిననే ఆ ఫలితమును నమ్ముదురు. నేడు ఈ జీవి రక్తము అక్కరలేకుండ, దానిలోని ముఖ్యమాంసకృత్తును ప్రయోగశాలలో తయారుచేసి వాడు పద్ధతియు కలదు. ఐరోపా ఔషధగ్రంథము 2021నుండి దీనిని చేర్చుకొన్నది.

ప్రజలు గమనింపవలసినది

ఈ విషము కంటికి కనబడదు. తేటగా నున్న మందులోను ఉండవచ్చును. సూదిమందు తీసికొనిన కొద్దిగంటలలో వణకు, జ్వరము వచ్చినచో వెంటనే వైద్యునికి తెలుపవలెను. కారణములు పెక్కు ఉండవచ్చును గనుక నిర్ణయము వైద్యునిదే. మందుసీసాను పారవేయక, దానిపైనున్న బ్యాచి సంఖ్యను చూపవలెను. ఒక రోగి తెలిపిన సంఖ్య, అదే తయారీలోని మందును పుచ్చుకొనవలసిన పలువురిని కాపాడగలదు.