తొట్టి పోయినా నిలిచేది

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 8:26-40



ఇంగ్లాండులోని మధ్యయుగపు గ్రామ దేవాలయాలలో ద్వారము దగ్గర రాతి బాప్తిస్మపు తొట్టి ఉండేది. శిశువులకు అక్కడే బాప్తిస్మమిచ్చేవారు. 1645లో పార్లమెంటు ఆమోదించిన ఆరాధన క్రమము ఆ పాత తొట్లున్న చోట బాప్తిస్మమియ్యకూడదన్నది. అనేక తొట్లను తీసి బయట పడవేశారు. 1660 తరువాత కొన్ని తిరిగి నిలిపారు. దేవాలయమునే కూల్చిన చోట కొన్ని తొట్లు జాడ లేకుండా పోయాయి. కొన్ని పశువులు నీళ్ళు త్రాగే తొట్లయ్యాయి, కొన్ని తోటలో పూలకుండీలయ్యాయి.

తొట్టి పోతే బాప్తిస్మము పోతుందా?

విలియం కేరీగారు 1761లో పుట్టి ఆంగ్లికన్ సంఘములో పెరిగారు. 1783 అక్టోబరు 5న నార్తాంప్టన్‌లో నెన్ నదిలో విశ్వాసిగా బాప్తిస్మము పొందారు. పదేండ్లకు మన దేశము వచ్చారు. ఆ నది నీళ్ళను ఎవరు దాచిపెట్టగలరు?

మన తెలుగు బాప్తిస్టులకు గుండ్లకమ్మే తొట్టి. 1876-78 కరవులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ పని తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి దొరికేలా చేశారు. కూటి కొరకు క్రైస్తవులయ్యారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మములు ఆపారు. తరువాత 1878 జూలైలో వెల్లంపల్లి దగ్గర 2వ తేదీన 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తము 3,536 మంది బాప్తిస్మము పొందారు. 3వ తేదీన ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో నిలిచారు. ఆ నీళ్ళు ఆనాడే సముద్రము వైపు సాగిపోయాయి. లెక్క వ్రాసి ఉంచారు గనుక నేటికీ చెప్పుకుంటున్నాము.

మన పాఠములోని ఐతియొపీయుడు కూడ బాటసారియే. అతడు దిగిన నీళ్ళ పేరు లేఖనములో లేదు. అతడు సంతోషించుచు తన త్రోవను వెళ్ళాడన్న సంగతి ఉన్నది.

మంసాపురము వంటి దూరపు ఊళ్ళలో స్థిరపడిన మనకు ఇందులో ఒక హెచ్చరిక ఉన్నది. స్వగ్రామములో పాత గుడి కూల్చి కొత్తది కట్టేటప్పుడు పాత రిజిస్టరు చెదలపాలు కావచ్చు. సాక్షులైన పెద్దలు ఒక్కొక్కరే ప్రభువు సన్నిధికి వెళ్తున్నారు. పిల్లల పెండ్లి వేళ పత్రము కొరకు పరుగెత్తే బదులు, బాప్తిస్మము పొందిన తేదీ, స్థలము, ఇచ్చిన పాస్టరుగారి పేరు ఈ వారమే కుటుంబ బైబిలులో వ్రాసుకొందము. సంఘ రిజిస్టరుకు మరొక ప్రతి తీయించి వేరొక ఇంట భద్రపరచుదము.

ఆలోచించుడి:
1. మీరు బాప్తిస్మము పొందిన స్థలము మీ పిల్లలకు తెలుసా?
2. ఆ స్థలము నేడు లేకపోయినా, ఆనాటి ఒప్పుకోలు మీ నడతలో కనబడుచున్నదా?