మూడో పట్ ఎందుకు పడుతోంది?

ప్రశ్న: ఇంట్లో కార్పెట్ మీద రోజూ గోల్ఫ్ పటింగ్ ప్రాక్టీస్ చేస్తున్నానండీ. అయినా గ్రీన్ మీద మూడేసి పట్‌లు పడుతున్నాయి. లోపం ఎక్కడ?

జవాబు: చాలాసార్లు లోపం గురిలో కాదు, మొదటి పట్ వేగంలో ఉంటుంది. 30 అడుగుల నుంచి కొట్టిన బంతి పక్కకు తప్పేది కొద్దిగానే. ఆరేడు అడుగుల ముందే ఆగిపోవడమో, అంత దూరం దాటిపోవడమో అసలు సమస్య. కార్పెట్ ఈ దూరాన్ని నేర్పలేదు. రౌండ్‌కు ముందు ప్రాక్టీస్ గ్రీన్ మీద పావుగంట కేటాయించండి. 20, 40, 30 అడుగులు, ఇలా ప్రతి బంతికీ దూరం మార్చండి. ఒకే చోటి నుంచి వరసగా కొడితే చేయి ఆ ఒక్క దూరానికే అలవాటు పడుతుంది. ఆటలో మాత్రం ఏ పట్‌కూ రెండో అవకాశం ఉండదు. బెర్ముడా గడ్డి అయితే అది ఎటు వాలి ఉందో చూడండి. ఎదురు వాలులో బంతి త్వరగా ఆగుతుంది.

కార్పెట్‌నూ మానేయకండి, గురికి అది చాలా మంచిది. పటర్ తలకు అటూ ఇటూ రెండు పుస్తకాలు పెట్టి, వాటికి తగలకుండా కొట్టండి. బంతి బయలుదేరే దిశలో ఒక్క డిగ్రీ తేడా వచ్చినా, 15 అడుగుల దగ్గర మూడు అంగుళాలు పక్కకు పోతుంది. హోల్ మొత్తం వెడల్పు 4.25 అంగుళాలే మరి.