ఎరువుల మోతాదు నిర్ణయంలో గ్రాఫు పద్ధతి

ఒక పైరుకు హెక్టారుకు 120 కిలోల నత్రజని, 60 కిలోల భాస్వరం సిఫారసు చేశారనుకొందాం. వీటిని యూరియా (46 శాతం నత్రజని), డి.ఎ.పి. (18 శాతం నత్రజని, 46 శాతం భాస్వరం) ద్వారా అందించాలి. కావలసిన యూరియాను ‘య’ కిలోలు, డి.ఎ.పి.ని ‘డ’ కిలోలుగా తీసుకొంటే రెండు రేఖీయ సమీకరణాలు ఏర్పడతాయి.

0.46 య + 0.18 డ = 120
0.46 డ = 60

యూరియాను అడ్డు అక్షంపైనా, డి.ఎ.పి.ని నిలువు అక్షంపైనా గుర్తించాలి. నత్రజని రేఖ అడ్డు అక్షాన్ని 261 వద్ద, నిలువు అక్షాన్ని 667 వద్ద తాకుతుంది. యూరియాలో భాస్వరం లేదు కనుక భాస్వరం రేఖ 130 ఎత్తులో అడ్డంగా సాగుతుంది. రెండు రేఖల ఖండన బిందువు (210, 130). అనగా 210 కిలోల యూరియా, 130 కిలోల డి.ఎ.పి. సరిపోతాయి. ప్రతిక్షేపిస్తే 96.6 + 23.4 = 120. గ్రాఫులో రెండు మూడు కిలోల తేడా రావచ్చు గాని, బస్తాల లెక్కన ఎరువు చల్లే పొలంలో అది లెక్కలోకి రాదు.

ఈ లెక్కను గ్రాఫు లేకుండానే చేయవచ్చు. అయితే 20 కిలోల నత్రజని, 60 కిలోల భాస్వరం కావలసిన పైరును చూడండి. భాస్వరం రేఖ 130 వద్దనే ఉంటుంది. నత్రజని రేఖ నిలువు అక్షాన్ని 111 వద్దనే తాకుతుంది. రేఖలు ఖండించుకొనేది అక్షానికి ఎడమ వైపున, యూరియా –7.6 కిలోల వద్ద. జవాబు పత్రాలలో ఈ రుణ గుర్తును వదలి 7.6 కిలోల యూరియా వేయాలని వ్రాసే విద్యార్థులు ఏటా కనిపిస్తారు. బిందువు మొదటి పాదం దాటి పడితే ఆ రెండు ఎరువులతో ఆ మోతాదును ఖచ్చితంగా అందించలేమని అర్థం. అప్పుడు 111 కిలోల డి.ఎ.పి.తో నత్రజని పూర్తవుతుంది. మిగిలిన సుమారు 9 కిలోల భాస్వరానికి 16 శాతం భాస్వరం గల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 56 కిలోలు వేయాలి. దీనివల్ల కాల్షియం, గంధకం అదనంగా లభిస్తాయి.

20-20-0, 28-28-0 కాంప్లెక్స్ ఎరువుల జతలో రెండింటిలోనూ నత్రజని, భాస్వరం సమపాళ్లలో ఉన్నందున రేఖల వాలు ఒకటే. 120-60 మోతాదుకు అవి సమాంతర రేఖలు. ఎంత కలిపినా సాధన లేదు. 60-60 మోతాదుకు రేఖలు ఏకీభవిస్తాయి. మొదటి ఎరువు 300 కిలోలు, రెండవది 214 కిలోలు, లేదా ఈ రెండు బిందువుల మధ్య రేఖపై ఏ మిశ్రమమైనా సరైనదే. ఏది ఎంచుకోవాలో ఆనాటి బస్తా ధర నిర్ణయిస్తుంది.