భారమును బరువును

పాఠ్యభాగము: గలతీయులకు 6:1-10, 2 థెస్సలొనీకయులకు 3:6-13



2020 మార్చి 22న తెలంగాణలో లాక్‌డౌన్ ప్రకటింపబడగా మా ఖైరతాబాదు మొదలుకొని నాంపల్లి, అబిడ్సు వరకు అంగళ్లన్నియు మూతపడెను. ఇండ్లలో అంట్లు తోము స్త్రీలకును, తాపీపనివారికిని, ఆటో నడుపువారికిని కూలి లేకపోయెను. వారిలో అనేకులు మీ గ్రామముల బిడ్డలే. అప్పుడు రాష్ట్ర ప్రభుత్వము ఆహారభద్రత కార్డు గల కుటుంబములకు మనిషికి 12 కిలోల బియ్యమును, ఇంటికి 1,500 రూపాయలను ఇచ్చెను.

ఆ దినములలో మనలో రెండు మాటలు వినబడెను. సర్కారు బియ్యము తినుట విశ్వాసికి సిగ్గని కొందరనిరి. అంతయు సర్కారే చూచుకొనవలెనని మరికొందరనిరి. ఇందుకు వాక్యమేమి చెప్పుచున్నది?

గలతీ 6వ అధ్యాయము 2వ వచనములో భారమనియు, 5వ వచనములో బరువనియు మన బైబిలులో నున్నది. గ్రీకు మూలములోను ఇవి వేరు మాటలే. మొదటిది ఒంటరిగా మోయలేనిది; దానిని పదిమంది పట్టవలెను. రెండవది ఎవరి మూట వారిది. ఇల్లు కాలినవానితో నీ మూట నీవే మోసికొమ్మనుట క్రూరత్వము. శక్తిగలవాడు తన మూటను పొరుగువాని నెత్తిన పెట్టుట అన్యాయము.

1. అక్కరలో సహాయము పొందుట సిగ్గు కాదు. యోసేపు సమృద్ధి సంవత్సరములలో పంటలో అయిదవ భాగమును కొట్లలో కూర్పించెను (ఆది. 41:34-36). రూతు పరుల పొలములో పరిగె ఏరుకొనెను. అయితే సాయంకాలము వరకు వంగి తానే ఏరెను (రూతు 2:17).

2. పని లేనివాడు సోమరి కాడు. 2 థెస్స. 3:10లో పౌలు గద్దించినది పని చేయనొల్లని వానిని, పని దొరకని వానిని కాదు. ఆ వచనమును ఆకలిగొన్నవాని మీద రాయిగా విసరకుందము.

3. పని ఇచ్చుట మేలైన సహాయము. 1876-78 నాటి గొప్ప కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసికొని, ఆకలితో వచ్చిన పేదలకు పని చూపెను. సొమ్ము సర్కారుది, చెమట వారిది. 2006లో అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకమును ఈ త్రోవదే. 2020లో పట్టణము విడిచి ఊరు చేరిన అనేకులను ఆ పనులే ఆదుకొనెను.

4. మన బరువు మనది. చీమ కోతకాలమందే ధాన్యము కూర్చుకొనును (సామె. 6:6-8). మేమును ఒప్పుకొనుచున్నాము: ఆ నెలలలో మాలో అనేకుల ఇండ్లలో ఒక నెల తిండికి దాచినది లేదు, పండుగ బట్టలకు, పెండ్లి విందులకు చేసిన అప్పు మాత్రము నిలిచియుండెను. సర్కారు బియ్యము కడుపు నింపెను గాని వడ్డీ తీర్చలేదు. కాబట్టి పంట సొమ్ము చేతికి వచ్చిన దినముననే దేవుని భాగమును, అప్పు భాగమును, కష్టకాలపు భాగమును వేరుచేయుదము. అక్కర లేనివారము ఉచిత బియ్యము తీసికొని అమ్ముకొనకుందము. అది బీదవాని పళ్లెములోనిది.

కూటములో ఆలోచించుడి:
1. మన సంఘములో మోయలేని భారము క్రింద నున్నది ఎవరు?
2. ఈ యేట మన యింట ఏ అప్పు చేయకుండ ఉండగలము?

ప్రార్థన: ప్రభువా, పుచ్చుకొనునప్పుడు కృతజ్ఞతను, మోయునప్పుడు బలమును, ఇచ్చునప్పుడు సంతోషమును మాకు దయచేయుము. ఆమేన్.