ఫోన్ అడిగితే ఇవ్వాలా? పాస్‌వర్డ్ కూడా చెప్పాలా?

2021 అక్టోబరులో గంజాయి మీద గట్టిగా దాడులు జరుగుతున్న రోజుల్లో, హైదరాబాద్ పోలీసులు దారిన పోయే కుర్రాళ్లను ఆపి, ఫోన్లు తీయించి, వాట్సాప్‌లో గంజాయి మాట కోసం వెతుకుతున్న వీడియోలు బయటికొచ్చాయి. విమర్శలు మొదలయ్యాక, బలవంతమేమీ లేదు, జనమే సహకరిస్తున్నారు అని అధికారుల వైపు నుంచి జవాబొచ్చింది. చిక్కంతా ఆ జవాబులోనే ఉంది. నడిరోడ్డు మీద, యూనిఫాం ముందు, భయంతో లాక్ తీసి ఇచ్చినా సరే, రేపు కోర్టులో ఎదురయ్యే ప్రశ్న ఒకటే: నువ్వు ఒప్పుకునే ఇచ్చావు కదా?

ఫోన్ తీసుకోవడం, అందులో ఏముందో చూడటం, మీ నోట పాస్‌వర్డ్ చెప్పించడం. ఈ మూడూ వేర్వేరు అధికారాలు. అడిగేవాళ్లు మూడింటినీ కలిపి ఒకే మాటగా అడుగుతారు. మనం విడదీసి చూడాలి.

మొదటిదాని విషయంలో పోలీసులకు బలముంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 106వ సెక్షన్, నేరానికి సంబంధించిందన్న అనుమానం కలిగే పరిస్థితుల్లో దొరికిన వస్తువును స్వాధీనం చేసుకోనిస్తుంది. 94వ సెక్షన్ కింద, దర్యాప్తుకు అవసరమైన ఫోన్‌ను తెచ్చివ్వమని రాతపూర్వకంగా అడగొచ్చు. కాబట్టి కేసు ఉన్నప్పుడు ఫోన్ గుంజుకోవడం, దాచెయ్యడం వద్దు. కంగారులో చాట్‌లు చెరిపెయ్యడం మరీ ప్రమాదం. సాక్ష్యం మాయం చేశారన్న మరో కేసు మెడకు చుట్టుకోవచ్చు.

కానీ కేసూ లేక, అనుమానానికి ఆధారమూ లేక, ఊరికే రోడ్డు మీద ఆపి చాట్‌లు తిరగేసే అధికారం ఏ సెక్షనూ ఇవ్వలేదు. అప్పుడు గొంతు పెంచక్కర్లేదు. "సార్, ఏ కేసులో అడుగుతున్నారో చెప్పండి. నోటీసు ఇస్తే తప్పకుండా వస్తాను" అంటే చాలు. ఈ మాట అన్నాక మీరు ఇష్టపడి ఇచ్చారని చెప్పడం కష్టమవుతుంది.

దాచడానికేమీ లేనివాడికి భయమెందుకు అని చాలామంది అంటారు. ఈ మాట నాకు బాధ కలిగిస్తుంది. మీ ఫోన్‌లో ఉన్నది మీ ఒక్కరి గుట్టు కాదు. చెల్లెలి ఫొటోలు, నాన్న స్కానింగ్ రిపోర్టులు, అత్తింటి బాధ చెప్పుకున్న స్నేహితురాలి వాయిస్ మెసేజ్‌లు, బ్యాంకు వివరాలు అన్నీ అందులోనే ఉంటాయి. వాళ్లెవరూ పోలీసులకు అనుమతి ఇవ్వలేదు. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. ప్రభుత్వం అందులోకి చొరబడాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, చొరబాటు ఆ అవసరాన్ని మించకూడదు.

ఇక పాస్‌వర్డ్. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని నిందితుణ్ణి బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 20(3) అధికరణం అంటోంది. వేలిముద్రలు, చేతిరాత నమూనా ఇవ్వడం ఇందులోకి రాదని 1961లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఇష్టం లేని మనిషికి నార్కో పరీక్ష చేయకూడదని 2010లో సెల్వి కేసులో చెప్పింది. పాస్‌వర్డ్ ఈ రెంటిలో దేని కిందికి వస్తుంది? కర్ణాటక హైకోర్టు 2021లో, పాస్‌వర్డ్ చెప్పడం సాక్ష్యం చెప్పడం కాదంది. అయితే దర్యాప్తు అధికారి తనంతట తాను బలవంతపెట్టలేడని, కోర్టు ఉత్తర్వు కావాలని కూడా అంది. ఢిల్లీలో సీబీఐ ప్రత్యేక కోర్టు 2022లో, నిందితుడి చేత దాన్ని బలవంతంగా చెప్పించకూడదని తీర్పునిచ్చింది. నేను ఢిల్లీ కోర్టుతోనే ఏకీభవిస్తాను. మనసులో ఉన్నదాన్ని బయటపెట్టించడం మనిషి చేత మాట్లాడించడమే.

వేలిముద్ర, ముఖం చూపి తెరిచే లాక్‌లకు ఈ రక్షణ బలహీనం. ఆ లాక్‌లు తీసేసి పిన్ పెట్టుకోవడం నేరం కాదు. అయితే ఐటీ చట్టం 69వ సెక్షన్ సంగతి వేరు. దేశభద్రత, శాంతిభద్రతల వంటి కారణాలతో కేంద్ర లేదా రాష్ట్ర హోం కార్యదర్శి స్థాయిలో రాతపూర్వక ఉత్తర్వు వస్తే, సహకరించకపోవడం ఏడేళ్ల వరకూ జైలుశిక్ష పడగల నేరం. అలాంటి ఉత్తర్వు చూపిస్తే వెంటనే లాయరుతో మాట్లాడండి. స్టేషన్‌లో నోటిమాటగా అడిగితే అది 69వ సెక్షన్ ఉత్తర్వు అయిపోదు.

ఫోన్ తీసుకెళ్తుంటే మాత్రం కాగితం దగ్గర పట్టుబట్టండి. సోదానూ స్వాధీనాన్నీ, జాబితా తయారీతో సహా, ఆడియో వీడియో రికార్డు చేసి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలని నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ చెబుతోంది. జాబితాలో మోడల్, ఐఎంఈఐ నంబరు, సిమ్, మెమరీ కార్డు రాయించండి. ఫోన్ స్విచాఫ్ చేసి సీల్ వేయమనండి. హ్యాష్ విలువ నమోదు చేయమని రాసివ్వండి. అది డేటా మొత్తాన్నీ లెక్కకట్టి తీసే గుర్తు, తర్వాత ఒక్క అక్షరం చేరినా మారిపోతుంది. భారతీయ సాక్ష్య అధినియం కింద ఇచ్చే ధ్రువపత్రంలో దాన్ని రాయాలి కూడా. మీ ఫోన్‌లో లేనిది ఉన్నట్టు ఎవరైనా చూపిస్తే మిమ్మల్ని కాపాడేది ఆ విలువే. దీన్ని మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు.

స్వాధీనమైన ఫోన్ ఏళ్ల తరబడి స్టేషన్‌లోనే ఉండిపోనక్కర్లేదు. ఫోరెన్సిక్ ల్యాబ్‌లో కాపీ తీశాక తిరిగిమ్మని మేజిస్ట్రేటు కోర్టులో అదే సంహిత 503వ సెక్షన్ కింద, విచారణ దశలో అయితే 497 కింద దరఖాస్తు చేయవచ్చు. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.