మితవ్యయము గుణము – పరవ్యయ నింద దోషము

ధనమును మితముగా వ్యయము చేయుట గృహస్థునకు అలంకారము. అయితే తన మితవ్యయమును కొలబద్దగా చేసికొని పొరుగువాని వ్యయమును కొలుచుట మొదలుపెట్టిన క్షణముననే ఆ గుణము దోషముగా మారును. ఈ మార్పు మెల్లగా జరుగును గనుక అది ఎవనియందు జరుగునో వానికి తెలియదు. తప్పు చేయుచున్నానను శంకయైనను కలుగదు. ధర్మము పలుకుచున్నాననియే తోచును. ఈ విషయమును ఇతిహాస పురాణములు, ఆండాళ్ దివ్యసూక్తి ఎట్లు నిర్ణయించినవో ఇందు విచారింతము.

మెట్టనేల – కాలువనీరు

నల్లగొండ జిల్లాలోని త్రిపురారం ప్రాంతమును ఉదాహరణముగా తీసికొందము. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగెను. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిరి. లాల్ బహదూర్ కాలువయని పేరొందిన ఎడమ కాలువ నీరు మిర్యాలగూడ, త్రిపురారం పరిసరములకు రాకపూర్వము అచటి బ్రతుకు వానమీదను, చెరువుమీదను ఆధారపడినది. జొన్న, సజ్జ, ఆముదము పండిన నేల అది. వరియన్నము పలువురి యిండ్లలో పండుగనాటి వంట. ఆనాడు పొదుపు ఒక గుణము కాదు, ప్రాణరక్షణోపాయము. గింజ పారవేసినవాడు తన పిల్లల నోటికాడి కూడు పారవేసినట్లే.

కాలువ వచ్చిన పిమ్మట వరి పండెను. మిర్యాలగూడలో బియ్యపు మిల్లులు వెలసెను. చేతిలో నాలుగు రూకలు ఆడెను. తాతగారు సద్దిమూట కట్టుకొని, కృష్ణా మూసీ నదులు కలియు వాడపల్లి సంగమమునకు నడిచిపోయి, స్నానము చేసి, శ్రీ లక్ష్మీనరసింహస్వామిని సేవించి వచ్చెడివారు. మనుమడు బంధువులతో బండి మాట్లాడుకొని తిరుమలకు పోవుచున్నాడు. ఇరువురి భక్తియు భక్తియే. కాని కరవును ఎరిగిన కన్ను, కరవు నెరుగని చేతిని చూచినపుడు ముఖము చిట్లించుకొనుట సహజము. ఆ చిట్లింపు ఎచటి వరకు ధర్మము, ఎచటినుండి అధర్మము అనునదే మన ప్రశ్న.

ఇట్టి యింటి నొకదానిని ఊహింతము. అన్నదమ్ములు ఇద్దరు. అన్న చెప్పు తెగినను కుట్టించుకొని తొడిగెడివాడు. అప్పు ఎరుగడు. తమ్ముడు కూతురి పెండ్లికి ఊరందరికి విస్తళ్లు వేసెను. స్వామికి వెండికవచము సమర్పించెను. అప్పు చేయలేదు, ఎవరి సొమ్మును ముట్టలేదు. అన్న అరుగుమీద కూర్చుండి "నీళ్లు పోసినట్లు పోయుచున్నాడు, రేపు వీని గతి యేమి?" అని నలుగురి యెదుట పలికెను. ఆ నలుగురిలో ఒకడు ఆ మాటను తమ్ముని చెవిని వేసెను. మరుసటి ఉగాదికి ఆ యింటి పచ్చడి ఈ యింటికి రాలేదు. తమ్ముడు ఖర్చు చేసినది ధనము. అన్న ఖర్చు చేసినది తోడబుట్టినవాని చెలిమి. దుబారా చేసినది ఎవరు?

ముంగిస చెప్పిన తీర్పు

మహాభారతమున ఆశ్వమేధిక పర్వమునందు ఒక కథ కలదు. ధర్మరాజు అశ్వమేధము ముగించెను. దానధర్మములను అందరును పొగడుచుండగా, సగము దేహము బంగారమైన ముంగిస యొకటి వచ్చి, ఈ యజ్ఞము కురుక్షేత్రమున ఒక బ్రాహ్మణుడు ఇచ్చిన పిడికెడు పేలపిండికి సాటిరాదని పలికెను. ఆ బ్రాహ్మణుడు ఉంఛవృత్తితో జీవించువాడు. కరవుకాలమున భార్యతో, కుమారునితో, కోడలితో కూడి కొద్ది పిండిని పంచుకొనుచుండగా అతిథి వచ్చెను. నలువురును తమ తమ భాగములను వరుసగా అతిథికి సమర్పించి ఉత్తమగతి పొందిరి. అచట రాలిన పిండిలో పొర్లిన ముంగిసకు సగము మేను బంగారమయ్యెను. మిగిలిన సగమునకై అది యజ్ఞశాలలన్నియు తిరుగుచున్నది.

ఈ కథను మనము సాధారణముగా అల్పదానపు గొప్పతనమునకు దృష్టాంతముగా చెప్పుకొందుము. అది యుక్తమే. కాని కథ అంతటితో ముగియలేదు. ఆ ముంగిస ఎవరని జనమేజయుడు అడుగగా వైశంపాయనుడు పూర్వవృత్తాంతము చెప్పెను. జమదగ్ని మహర్షి పితృకార్యమునకై ఉంచిన పాలను క్రోధము ప్రవేశించి చెరచెను. మహర్షి కోపింపలేదు. పితృదేవతలు మాత్రము ఆ క్రోధమును ముంగిసవు కమ్మని శపించి, ధర్మమును ఆక్షేపించినపుడు శాపము తీరునని చెప్పిరి. ధర్మరాజు యజ్ఞమును ఆక్షేపించుటతో అది విముక్తి పొందెను.

ఇందలి మర్మమును గమనింపుడు. పేలపిండి నిచ్చిన బ్రాహ్మణుడు ధర్మరాజు వ్యయమును గూర్చి ఒక్క మాటయు పలుకలేదు. ఆ మాట పలికినది, తాను ఏమియు ఈయక ఇతరుల దానశేషములో పొర్లిన ప్రాణి. అదియు నిజమునకు క్రోధము. అల్పధనుని త్యాగమును పొగడు నెపమున అధికధనుని వ్యయమును నిందించు నాలుక వెనుక తరచుగా దాగియుండునది ధర్మాగ్రహము కాదు, ఉత్త ఆగ్రహము. పైగా, ఇతరుల యజ్ఞములలో ఎంత పొర్లినను ముంగిసకు రెండవ సగము బంగారము కాలేదు. పరుల వ్యయమును తూచుటవలన మన పుణ్యము వీసమైనను పెరుగదు.

ఒకే వ్రతము, రెండు రీతులు

ధనుర్మాసమున మనయిండ్లలో తిరుప్పావై అనుసంధానము చేయుచున్నాము. తిరుమలలో ఆ మాసమున సుప్రభాతమునకు బదులు తిరుప్పావైయే వినిపించును. రెండవ పాశురమున ఆండాళ్ తల్లి వ్రతనియమములను చెప్పినది. నేయి వలదు, పాలు వలదు, కాటుక వలదు, పూలు వలదు. ఇంతకన్న మితవ్యయము వేరొకటి యేది? కాని ఆ నియమముల నడుమనే మరి రెండు ఉన్నవి. ఇతరులకు కీడు కలిగించు చాడీలు చెప్పరాదని ఒకటి. యోగ్యులకును, యాచకులకును పుష్కలముగా పెట్టవలెనని మరియొకటి. తన నోటికి నేయి మానుట ఎంత నియమమో, పొరుగువాని మాట మోయుట మానుటయు అంతే నియమము. మొదటిదానిని పాటించి రెండవదానిని విడిచినవాడు సగము వ్రతమే చేసినవాడు.

ఇరువదియేడవ పాశురమునకు వచ్చునప్పటికి అదే గోపికలు కంకణములు, భుజకీర్తులు, చెవికమ్మలు, నూతనవస్త్రములు కోరుదురు. మోచేతివరకు నేయి కారునట్లు క్షీరాన్నమును అందరు కూడియుండి ఆరగింతుమందురు. నిన్న మానినవారే నేడు అనుభవించుచున్నారు. మానుట భగవంతునికొరకు, అనుభవించుటయు ఆయనతో కూడియే. కావున వ్యయము లేకపోవుట సాత్త్వికమనియు, వ్యయముండుట తామసమనియు నిర్ణయించుటకు వీలులేదు. ఆండాళ్ తల్లి అళగర్ స్వామికి నూరు గంగాళముల వెన్న, నూరు గంగాళముల అక్కారవడిశల్ మ్రొక్కుకొనగా, తరువాతి కాలమున భగవద్రామానుజులు దానిని తిరుమాలిరుంజోలైలో చెల్లించిరని సంప్రదాయము. నూరు ఎందులకు, ఒకటి చాలదాయని ఆ యతివరేణ్యులు లెక్క అడుగలేదు.

గీతాచార్యుడును షోడశాధ్యాయమున దైవీసంపదను చెప్పుచు దానమును, దమమును, అపైశునమును ఒకే వరుసలో నిలిపెను. అపైశునమనగా పరుల దోషములను ఇతరులకు చెప్పకుండుట. ఇవి మూడును కలిసిననే సంపద.

కదర్యుడనగా ఎవరు?

మితవ్యయమునకును లోభమునకును గల భేదము తెలియనిదే ఈ విచారము పూర్తికాదు. లోభికి సంస్కృతమున కదర్యుడని పేరు. అర్యుడనగా స్వామి, యజమాని. కుత్సితుడైన అర్యుడు కదర్యుడు. అచ్చు పరమగునపుడు తత్పురుషమున కు శబ్దము కత్ అగునని పాణిని చెప్పెను. అనగా తన సొమ్మునకు చెడ్డ యజమాని. అమరసింహుడు ఈ పదమునకు పర్యాయములుగా కృపణ, క్షుద్ర శబ్దములతోపాటు మితంపచ శబ్దమును కూడ చెప్పెను. కొలిచి వండువాడని దాని యర్థము. అతిథికి చాలనంత కొలిచి వండువాడు తనను మితవ్యయినని అనుకొనవచ్చును. కోశకారుడు మాత్రము వానిని లోభుల పంక్తిలో కూర్చుండబెట్టెను.

మరియొకవైపు మనువు గృహస్థులను నాలుగు విధములుగా చెప్పెను: గాదెనిండ ధాన్యము గలవాడు, కుండెడు ధాన్యము గలవాడు, మూడునాళ్లకు గలవాడు, రేపటికి లేనివాడు. వీరిలో ముందటివానికన్న తరువాతివాడు శ్రేష్ఠుడనెను. కాని గాదె గలవానిని గృహస్థధర్మమునుండి వెలివేయలేదు. నలువురికిని చోటిచ్చిన శాస్త్రమునకన్న మనము కఠినులము కానేల?

శ్రీమద్భాగవతము ఏకాదశస్కంధమున అవంతీపుర బ్రాహ్మణుని వృత్తాంతము కలదు. అతడు ధనికుడయ్యు అతిథికి మంచిమాటయైనను పెట్టలేదు. తన కడుపునకు కూడ పెట్టుకొనలేదు. ధనము జ్ఞాతులచేతను, దొంగలచేతను, దైవముచేతను, కాలముచేతను, రాజులచేతను నశించెను. విరక్తుడై భిక్షువు కాగా జనులు వానిని ఎగతాళి చేసి బాధించిరి. అయినను అతడు ఎవరిని దూరలేదు. నా సుఖదుఃఖములకు ఈ జనులు కారణము కాదు, నా మనస్సే కారణమని గానము చేసెను. అదే స్కంధమున ఇంకను ముందునకు భగవానుడు ఉద్ధవునితో, పరుల స్వభావమును, కర్మలను పొగడవలదు, తెగడవలదు. అట్లు చేయువాడు తన ప్రయోజనమునుండి శీఘ్రముగా జారునని చెప్పెను. నష్టము నింద పొందినవానికి కాదు, నిందించినవానికి.

హితము చెప్పరాదా?

అయినచో, కన్నబిడ్డ అప్పుచేసి ఆర్భాటము చేయుచున్నను ఊరకుండవలెనా యని కొందరడుగవచ్చును. ఉండనక్కరలేదు. శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి చెప్పిన హితము అష్టమస్కంధమున కలదు. ధనమును ధర్మమునకు, యశస్సునకు, వృద్ధికి, భోగమునకు, స్వజనమునకు ఐదు భాగములుగా పంచువాడు ఇహపరములందు సుఖించునని ఆయన పలికెను. ఈ మాట నేటి గృహస్థునకును శిరోధార్యమే. శుక్రుడు చెప్పిన రీతిని గమనింపుడు: ఆయన గురువు, శిష్యుని యెదుటనే చెప్పెను, వాని క్షేమముకొరకు చెప్పెను. అంతవరకు హితోపదేశము. బలి వినయముతోనే తన వాగ్దానమునకు నిలువగా, శుక్రుడు కోపించి శపించెను. అచట హితము గీటు దాటినది. చెప్పుట గురుధర్మము, వినకున్న కోపించుట అహంకారము. తుదకు వామనమూర్తి, శిష్యుని యజ్ఞమునందలి లోపమును పూరింపుమని ఆ శుక్రునినే ఆజ్ఞాపించెను.

మరియొక భేదమును మరువరాదు. సొంతసొమ్ము వేరు, నలుగురి సొమ్ము వేరు. కంచర్ల గోపన్నగారు భద్రాద్రి రాముని ఆలయమునకై ప్రభుత్వధనమును వినియోగించి గోలకొండ చెరసాలలో ఉన్నారని ప్రసిద్ధి. ఆయన భక్తికి లోకమంతయు మ్రొక్కుచున్నది. అయినను పాలకుడు లెక్క అడుగుట తనంతట తాను తప్పు కాదు. దేవాలయధనమునకు, గ్రామధనమునకు, సంఘధనమునకు లెక్క అడుగుట నింద కాదు, కర్తవ్యము. తన చెమటతో ఆర్జించి, ఎవరికి బాకీపడక వ్యయించువానిని లెక్క అడుగుటయే అనధికారము.

ఆచరణమున

పరుల వ్యయమును గూర్చి నోరు విప్పుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనుట మేలు. ఈ సొమ్ములో నాకుగాని నలుగురికిగాని భాగమున్నదా? ఈ మాటను అతని యెదుట, ఏకాంతమున చెప్పగలనా? అతడు వినకున్నను నా ప్రేమ తగ్గకుండునా? అదే వ్యయము నాయింటికొరకు చేసియున్నచో దుబారా యందునా, ఔదార్యమందునా? ఈ నాలుగింటిలో ఒకదానికైనను సమాధానము తడబడినచో మౌనమే శరణ్యము. ఇదివరకే పలికిన మాటవలన ఒక యిల్లు దూరమైయున్నచో, పండుగకై వేచియుండక, ప్రసాదము చేతబట్టి తామే ముందుగా ఆ గడప తొక్కుట పెద్దల లక్షణము. అందులకు ఒక్క రూకయు వ్యయము కాదు.

పొదుపరి తన పొదుపును విడువనక్కరలేదు. మిగిల్చిన దానిలో ఒక భాగము ఆకలిగొన్నవానికి చేరినచో ఆ పొదుపు తపస్సు. ఖర్చుచేయువాడును, తన వ్యయము దేశమును, కాలమును, పాత్రమును చూచి జరుగుచున్నదా యని గీతలోని సప్తదశాధ్యాయమును ముందుంచుకొని తన్ను తానే పరీక్షించుకొనవలెను. ఆ పరీక్ష ఎవరికి వారు చేసికొనవలసినది.

ఈశావాస్యోపనిషత్తు ఆరంభముననే, జగత్తంతయు ఈశ్వరునిచే వ్యాప్తమైనదనియు, ఎవరి ధనమునందును ఆశపడవలదనియు బోధించినది. పరధనమును కోరుట ఒక్కటే ఆశ కాదు. ఆ ధనము నా మాటప్రకారము వ్యయము కావలెనని కోరుటయు సూక్ష్మమైన ఆశయే. శ్రీవైష్ణవునకు తన ధనముకూడ తనది కాదు, శ్రియఃపతిది. ఇక పొరుగువాని ధనము తనదెట్లగును? ఇద్దరి గాదెలకును యజమాని ఒక్కడే. ఆయనకు లెక్క ఒప్పగించునపుడు మనలను అడుగునది మన చిట్టాయే గాని పొరుగువాని చిట్టా కాదు.

ఇచ్చు చేతికి వివేకమును, దాచు చేతికి దయను, చూచు కంటికి చల్లదనమును శ్రీ లక్ష్మీనృసింహుడు అనుగ్రహించుగాక!