రేకుల మధ్య గాలి ఆడాలి

ఒక ఊరిలో ఒక అక్క ఉంది. ఆమె పొదుపు సంఘంలో సభ్యురాలు. సంఘం ఇప్పించిన అప్పుతో పాత కారు కొన్నది. తమ్ముడు ఆ కారును కిరాయికి తిప్పుతాడు. ఆ డబ్బుతోనే నెలనెలా వాయిదా కట్టాలి.

వైశాఖ మాసం వచ్చింది. పెళ్ళిళ్ళ కాలం. కారు కొత్తగా కనపడాలని తమ్ముడు రంగులు వేశాడు. కారు ముందు జాలీ వెనుక ఒక అల్యూమినియం భాగం ఉంది. దాని మీద తెల్లటి మచ్చలు కనిపించాయి. మిగిలిన నల్ల రంగును కుంచెతో దానికీ చిక్కగా పట్టించాడు.

"చూడక్కా, ఎట్లా మెరుస్తుందో!" అన్నాడు.

మొదటి పెళ్ళి కిరాయికే ఏసీ చల్లబడలేదు. కారులో పసిబిడ్డ ఉక్కపోతకు ఏడ్చింది. పెళ్ళివారు సగం కిరాయే ఇచ్చారు. గ్యాసు తగ్గిందేమోనని గ్యాసు కొట్టించారు. లాభం లేదు. ఆ నెల వాయిదా కోసం అక్క చెవి కమ్మలు కుదువ పెట్టింది.

చివరకు అక్క తానే మెకానిక్ దగ్గరికి వెళ్ళింది.

"ఇక్కడ రంగు ఎవరు వేశారమ్మా?" అన్నాడు మెకానిక్.

"మా తమ్ముడే వేశాడయ్యా. రంగుకూ చల్లదనానికీ ఏమిటి సంబంధం?"

"మీ ఇంట్లో మట్టి కుండ ఉందా? దానికి రంగు పూస్తే నీళ్ళు చల్లబడతాయా?"

"చల్లబడవు. కుండ చెమర్చాలి గదా! రంగు వేస్తే రంధ్రాలు మూసుకుపోతాయి."

"ఇక్కడా ఇంచుమించు అంతేనమ్మా. కుండకు రంధ్రాలు. దీనికి సందులు. సందులు మూస్తే చల్లదనం పోతుంది."

ఏసీ ఎలా పని చేస్తుంది?

సూది వేసే ముందు నర్సమ్మ చేతికి స్పిరిట్ రాస్తుంది. చల్లగా అనిపిస్తుంది. స్పిరిట్ ఆవిరి అవుతూ మన చేతి వేడిని తీసుకుపోతుంది. ఏసీలో కూడా ఒక ద్రవం ఆవిరి అవుతూ కారు లోపలి వేడిని తీసుకుంటుంది. ఇది జరిగే చోటును కూలింగ్ కాయిల్ అంటారు.

ఆ ఆవిరిని కంప్రెసర్ గట్టిగా నొక్కుతుంది. అప్పుడది బాగా వేడెక్కుతుంది. తర్వాత కండెన్సర్‌లోకి వెళుతుంది. కారు ముందు ఉండే భాగం ఇదే. దీనికి సన్నని రేకులు దగ్గరదగ్గరగా ఉంటాయి. రేకుల మధ్య నుంచి గాలి వీచి, వేడిని బయటికి తీసుకుపోతుంది. అప్పుడు ఆవిరి మళ్ళీ ద్రవం అవుతుంది.

చిక్కటి రంగు సందులను మూసేస్తుంది. రేకు మీద దుప్పటిలా పనిచేస్తుంది. వేడి బయటికి పోదు. కంప్రెసర్ మీద భారం పెరుగుతుంది. డీజిలు, పెట్రోలు ఎక్కువ కాలుతాయి.

రంగు వేయక తప్పకపోతే

1. ఇంజను ఆపి, బాగా చల్లారనివ్వాలి.
2. దుమ్మును నీళ్ళతో మెల్లగా కడగాలి. నీటి ధార గట్టిగా కొడితే రేకులు వంగిపోతాయి.
3. పూర్తిగా ఆరనివ్వాలి.
4. కుంచె వాడరాదు. స్ప్రే డబ్బాతో దూరం నుంచి పలుచగా ఒక్క పూత వేయాలి. సందులు తెరిచి ఉండాలి.
5. ఆరుబయట వేయాలి. ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. బీడీ, పొయ్యి దగ్గర ఉండరాదు. పిల్లలను దూరంగా ఉంచాలి.

వీటికి రంగు వేయరాదు

* కూలింగ్ కాయిల్‌కు. దాని మీదుగా వచ్చే గాలినే మనం పీలుస్తాం.
* కంప్రెసర్ క్లచ్ పళ్ళేనికి, బెల్టు తిరిగే గాడికి. బెల్టు జారుతుంది.
* పైపుల అతుకులకు. గ్యాసు కారితే అక్కడ నూనె మరక కనిపిస్తుంది. రంగు ఆ మరకను దాచేస్తుంది.

అతుకులను మనం విప్పరాదు. లోపలి గ్యాసు ఒత్తిడితో ఉంటుంది. కంటికి తగిలితే ప్రమాదం. పాత కార్ల ఏసీలలో ఆర్-12 అనే గ్యాసు వాడేవారు. అది ఓజోన్ పొరను దెబ్బతీస్తుంది. అందుకే 1987లో మాంట్రియల్‌లో అనేక దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. తర్వాత కార్లలో ఆర్-134ఎ వచ్చింది. ఇది ఓజోన్‌ను చెరపదు. కానీ భూమిని వేడెక్కిస్తుంది. దీన్ని కూడా గాలిలోకి వదలరాదు.

మరి అక్క కారు ఏమైంది? గట్టిపడిన రంగును గీకితే రేకులు చిరిగిపోతాయి. అందుకని కొత్త కండెన్సర్ వేయాల్సి వచ్చింది. ఏసీ మళ్ళీ చల్లబడింది. మూడు నెలలు కిరాయిలు తిప్పాక కమ్మలు ఇంటికి వచ్చాయి. ఇప్పుడు వారానికొకసారి అక్కే ఆ రేకుల దుమ్ము కడుగుతుంది.

"మెరుపు కాదురా తమ్ముడూ, గాలి ఆడాలి," అంటుంది.

ఆలోచించండి, చెప్పండి

1. అక్క కమ్మలు ఎందుకు కుదువ పెట్టింది?
2. రంగు పూసిన కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడవు?
3. పైపుల అతుకులకు రంగు ఎందుకు వేయరాదు?

చూడండి, రాయండి

మీ ఇంట్లో గాని, పక్కింట్లో గాని ఫ్రిజ్ ఉందా? కొన్నిటికి వెనుక నల్లని ఊచల జాలీ ఉంటుంది. అది కూడా వేడిని బయటికి పంపేదే. గోడకూ దానికీ మధ్య సందు ఉందా? దుమ్ము పట్టిందా? ప్లగ్గు తీసి, పొడి గుడ్డతో తుడవండి. చూసిన సంగతులు నాలుగు వాక్యాలలో రాయండి.